బండి కోసం తీసుకున్న కార్డు

ధర్మవరంలో "వీరేష్ ఎవరు?" అని అడిగితే నలుగురూ తల గోక్కుంటారు. "రవికుమార్ బండి వీరేష్" అనండి, వెంటనే చెబుతారు. పదకొండేళ్లుగా ఆ తెల్ల ట్రాలీ బండిని నడుపుతున్నది వీరేషే అయినా పేరు మాత్రం ఓనరుది. కడిగేది వీరేష్, గ్రీజు పెట్టించేది వీరేష్, చలికాలం పొద్దున మొండికేస్తే బుజ్జగించి స్టార్టు చేసేది వీరేష్. ఓనరు ఆ బండెక్కి ఎన్నాళ్లయిందో ఓనరుకే తెలియదు.

పొద్దున్నే చీరల పెట్టెలు వేసుకొని ధర్మవరంలో బయలుదేరేవాడు. పెనుకొండలో డీజిలు పట్టించి, టీ తాగి, హిందూపురంలో సరుకు దించేవాడు. తిరుగు దోవలో పట్టు నూలో, చింతపండో, ఏది దొరికితే అది ఎత్తుకొచ్చేవాడు. నూలు మూటలంటే అతనికి మహా పట్టింపు. ఒక్క చినుకు రాలితే చాలు, బండి పక్కకు ఆపి, తాను తడిసి ముద్దవుతూ టార్పాలిన్ తాళ్లు బిగించేవాడు. "వీరేష్ వచ్చేదాకా నూలు ఎత్తొద్దు" అని షావుకార్లు అనేవాళ్లు. అలాంటి ఒక్క మాట కోసం ఒళ్లు హూనం చేసుకునే పిచ్చివాళ్లు కొందరుంటారు. ఇతనూ ఆ బాపతే.

నిరుడు ఉగాది దాటాక రవికుమార్ అతన్ని ఇంటికి పిలిచాడు.

"వీరేషూ, బండి అమ్మేస్తాండానప్పా. పిల్లోని కాలేజీకి దుడ్లు కావల్ల. బయటోనికి ఇచ్చేదాని కంటే నువ్వే తీసుకో. దసరా దాకా ఇంకెవురికీ మాటియ్యను."

ఆ రోజు వీరేష్‌కు అన్నం సహించలేదు. దిగులుతో కాదు, సంతోషంతో. భార్య పుష్ప పట్టు చీరల కొంగులకు కుచ్చులు కట్టే పని చేస్తుంది. వేళ్ల మధ్య దారం అలాగే పట్టుకొని మొగుడు చెప్పిందంతా విన్నది. "మన బండైతే బాడుగంతా మనకే కదా! ఇంగ ఒకని కింద చేతులు కట్టుకోని నిలబడే పనే ల్యా" అన్నది. మొదట కట్టాల్సిన డబ్బు, బిడ్డను చదివించుకుంటూనే ఇద్దరూ ఇన్నేళ్లూ కడుపు కట్టుకొని దాచింది ఉంది. మిగతాది ఫైనాన్సు ఇస్తే బండి వాళ్లదే.

హిందూపురంలో ఒక ఫైనాన్సు ఆఫీసుకు పోయాడు. అక్కడ పనిచేసే ఉషారాణి మర్యాదగా కుర్చీ వేసి కూర్చోబెట్టి, అతని నంబర్లు కంప్యూటర్లో కొట్టి, పెదవి విరిచింది.

"అన్నా, మీ పేరు మీద ఏమీ ల్యాదు."

"ల్యాకపోతే మంచిదే కదమ్మా? నేను ఎవురికీ పైసా బాకీ ల్యాను."

"వచ్చిన కష్టమే అది. మీరు ఎప్పుడూ అప్పు తీసుకోల్యా, తిరిగి కట్టల్యా. ఇస్తే కడతారో ల్యాదో మాకెట్ల తెలుస్తాది?"

విన్నారా విడ్డూరం! పుట్టి బుద్ధెరిగాక ఒకరి ముందు చేయి చాపని మనిషిని నమ్మలేరట. బజారంతా అప్పులు చేసి తిరిగేవాడికైతే వాడి లెక్క వీళ్ల కంప్యూటర్లో ఉంటుందట. నాకైతే ఆ బల్ల తిరగెయ్యాలనిపించేది. వీరేష్ తలొంచుకొని, "మరి ఏం చేయల్లో చెప్పు తల్లీ" అన్నాడు.

ఉషారాణి ఓపిగ్గానే చెప్పింది. బ్యాంకులో పది వేలు డిపాజిట్ చేస్తే దాని మీద పది వేల లిమిటుతో క్రెడిట్ కార్డు ఇస్తారు. నెలనెలా దాన్ని కొంచెం వాడి, గడువులోపల కట్టేస్తూ ఉంటే అతనికీ ఒక స్కోరు పుడుతుంది. ఏడు వందలు దాటితే లోను వస్తుంది. "మూడో వంతు లోపలే వాడండన్నా. లిమిటు దాటినారంటే మాత్రం పుట్టిన స్కోరు పడిపోతాది" అని ఒకటికి రెండుసార్లు హెచ్చరించింది. వీరేష్ బుద్ధిగా తలూపాడు. బరువులు మోసే పని అతనిది. బండి ఎంత మోస్తే అంతే వేయాలని అతనికి ఒకరు చెప్పాలా!

కార్డు వచ్చింది. దాన్ని డీజిలుకు తప్ప దేనికీ వాడకూడదని ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారు. వీరేష్‌కు ఫోనులో చిన్న అక్షరాలు ఆనవు. అందుకని పుష్పే కూర్చొని, బంకులో స్కాన్ చేస్తే దానంతటదే కార్డులోంచి పోయేలా ఫోను సర్దిపెట్టింది. మనుషుల నంబర్లకు పంపితే ఎప్పటిలా బ్యాంకు ఖాతాలోంచే పోతుంది. కార్డు పనిచేసేది అంగళ్ల బోర్డుల మీదే.

అలా నెలకు రెండు మూడుసార్లు కార్డు మీద డీజిలు, మిగతా డీజిలు ఓనరు ఇచ్చే నగదుతో, నెల తిరిగేలోగా కార్డు డబ్బు కట్టడం. మధ్యలో ఒకసారి బంకులో వరుసలో ఉండగా బ్యాంకు నుంచి ఫోనుకు ఇంగ్లీషులో ఏదో మెసేజు వచ్చింది. కింద మీట ఉంది, వెనక లారీవాడు హారన్ కొడుతున్నాడు, వీరేష్ మీట నొక్కేశాడు. లిమిటు దాటినా కార్డు ఆగకుండా చెల్లేలా అతను ఒప్పుకున్నాడని అతనికి తెలియదు.

శ్రావణంలో ఉషారాణి ఫోను చేసింది. "అన్నా, మీ స్కోరు ఏడు వందల ముప్పై! దసరా ముందు కాగితాలు తీసుకోని రాండి, పెట్టేద్దాం." ఆ పూట పెనుకొండ టీ అంగట్లో ఉన్నవాళ్లందరికీ వీరేషే టీ ఇప్పించాడు. ఇంట్లో పుష్ప బెల్లం పూర్ణం పెట్టి ఓళిగలు చేసింది. స్కోరు అంటే ఏమిటో తెలియని పక్కింటి అవ్వకు కూడా రెండు పెట్టి, "మా ఆయనకు మార్కులొచ్చినాయవ్వా" అని చెప్పుకొచ్చింది.

దసరాకు మూడు వారాలుందనగా బత్తలపల్లిలో లక్ష్మన్న కొడుకు పెళ్లి వచ్చింది. లక్ష్మన్నది కిరాణా అంగడి, వీరేష్‌కు దూరపు చుట్టం. మా వైపు పెళ్లిళ్లలో ముయ్యి చదివించడం ఉంది కదా. భోజనాలయ్యాక ఒకాయన మైకు పట్టుకొని, ఎవరెంత ఇచ్చారో ఊరూ పేరూ పెట్టి ఊరంతా వినేలా చదువుతాడు. మన ఇంట్లో శుభకార్యానికి వాళ్లు ఎంత చదివిస్తే, వాళ్ల ఇంట్లో దానికి కొంచెం పైన వేసి మనం చదివించాలి. తగ్గిందా, పదేళ్లయినా ఆ మాట చావదు. వీరేష్ తమ్ముడి పెళ్లిలో లక్ష్మన్న ఐదు వేలు చదివించి ఉన్నాడు.

వీరేష్ జేబులో నగదు లేదు. బాడుగలన్నీ ఇప్పుడు ఫోనులోకే కదా వచ్చేది! మైకు పక్కన బల్ల మీద స్కాన్ చేసే బోర్డు కనిపిస్తే, అమ్మయ్య అనుకున్నాడు. పెళ్లి హడావుడిలో ఎవరో లక్ష్మన్న అంగట్లో ఉండే బోర్డునే తెచ్చి అక్కడ పెట్టారు. మైకాయన ఇతని మొహంలోకే చూస్తున్నాడు, వెనక జనం తోసుకుంటున్నారు. వీరేష్ స్కాన్ చేసి, రోజూ బంకులో నొక్కినట్టే నొక్కాడు.

"ధర్మవరం వీరేష్, ఐదు వేల నూటపదహార్లు!"

లక్ష్మన్న దూరం నుంచే చేయెత్తి దండం పెట్టాడు. పుష్ప ఆడవాళ్ల వరుసలోంచి మొగుడి వైపు చూసి, కొంగు సర్దుకొని, నిటారుగా కూర్చుంది. డబ్బు ఖాతాలోంచి పోయిందనే ఇద్దరూ అనుకున్నారు.

ఆ నెల బాడుగలు ఎక్కువ దొరకడంతో డీజిలు అప్పటికే సగం దాకా మింగింది. పైన ముయ్యి పడింది. ఆ మీద కార్డుకు బ్యాంకు వేసే రుసుము వచ్చి కూర్చుంది. మరునాడు పెనుకొండలో మళ్లీ డీజిలు పట్టించాడు. అప్పుడైనా ఆగి ఉంటే బాగుండు. ఆగలేదు, టింగుమని చెల్లింది. చెల్లిందంటే ఉన్నట్టే కదా అనుకున్నాడు. ఎవరైనా అదే అనుకుంటారు. ఆ వారంలోనే బ్యాంకు ఆ నెల లెక్క తేల్చి, "ఇతను పది వేలు దాటాడు" అని స్కోరు వేసేవాళ్లకు పంపేసింది.

దసరా ముందు భార్యాభర్తలిద్దరూ హిందూపురం పోయారు. వీరేష్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పుష్ప జామీను సంతకం పెట్టాలని రాత్రంతా తన సంతకం రాసి రాసి చూసుకుంది. ఉషారాణి నవ్వుతూనే కంప్యూటర్ తెరిచింది. తర్వాత నవ్వడం మానేసింది.

"అన్నా, ఏం చేసినారు? ఆరు వందల అరవైకి పడిపోయిండాది. కార్డు లిమిటు దాటినారు కదా!"

"నేనా? డీజిలు తప్ప ఏం కొనల్యా తల్లీ. నా బిడ్డ మీద ఒట్టు."

ఆమె ఫోను తీసుకొని ఒక్కొక్కటే చదివి చెప్పింది. లక్ష్మన్న కిరాణా అనే పేరు దగ్గర పుష్ప నోటి మీద చేయి పెట్టుకుంది.

"అయ్యో! ఫోన్లో కార్డు ముందు పెట్టింది నేనే కదా. నా చేతులు ఇరిగిపోనూ!"

"నువ్వుండు పుష్పా" అన్నాడు వీరేష్. అక్కడికక్కడే బ్యాంకు ఖాతాలోంచి కార్డు డబ్బు మొత్తం కట్టించాడు. "సూడమ్మా, అంతా కట్టేస్తి. ఇప్పుడు సరిపాయ కదా?"

"కట్టినా ఈ నెల లెక్క పోయిందన్నా. మళ్లా పంపేది వచ్చే నెల. స్కోరు తేరుకునేకి రెండు నెలలన్నా పడతాది."

"మీ పెద్ద సారుకు ఒక్క మాట చెప్పు తల్లీ. తాగి తగలేసిన దుడ్లు కాదు. పెండ్లిలో ముయ్యి చదివిస్తి, అంతే."

ఉషారాణికి జాలి లేక కాదు. లోపలికి పోయి అడిగింది కూడా. వచ్చి, "ముయ్యి అని రాసేకి దీంట్లో చోటు ల్యాదన్నా" అన్నది. పుష్ప అక్కడే ఏడ్చేసింది. చుట్టూ ఉన్నవాళ్లు చూసీ చూడనట్టు తలలు తిప్పుకున్నారు.

సాయంత్రం రవికుమార్ కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు వీరేష్. రెండంటే రెండు నెలలు ఆగమన్నాడు. రవికుమార్ చెడ్డవాడేం కాదు. "ఫీజు గడువు నా చేతిలో ఉండాదా చెప్పు? మడకశిర వెంకటస్వామి రొక్కం చేతిలో పెట్టుకోని తిరుగుతాండాడు. ఆర్నెల్లు నీ కోసమే కదప్పా ఆగింది" అన్నాడు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. వీరేష్ ఒక వడ్డీ వ్యాపారిని అడిగి చూశాడు. అతను చెప్పిన వడ్డీకి బాడుగంతా వాడికే పోసినా చాలదు.

బండిని మడకశిరలో అప్పగించి రమ్మని కూడా వీరేష్‌నే పంపారు, చూడండి! ఇంకెవరికి తెలుసు ఆ బండి సంగతి? రెండో గేరు దగ్గర ఎంత మెల్లగా పోవాలో, చలికి స్టార్టు కాకపోతే ఏం చేయాలో వెంకటస్వామికి వివరంగా చెప్పాడు. చెప్పాల్సింది అయిపోయాక కూడా కాసేపు నిలబడ్డాడు. "డ్రైవరు అవసరం ల్యాదప్పా, నేనే తోలుకుంటా" అన్నాడు వెంకటస్వామి, అతని మనసులో మాట కనిపెట్టినట్టు. వీరేష్ బస్సెక్కి ఇంటికొచ్చాడు.

ఆ తర్వాత అతను ఎవరి బండికైనా డ్రైవరు రాని రోజున బదిలీ పోతున్నాడు. వారానికి రెండు రోజులు దొరికితే గొప్ప. వీరేష్ వస్తేగాని నూలు ఎత్తొద్దన్న షావుకార్లు ఇప్పుడు ఎవరి బండి ముందొస్తే దానికి ఎత్తుతున్నారు. వాళ్లకు కావలసింది బండి, వాళ్లను అని లాభమేముంది? దాచిన డబ్బు ఇంటి బాడుగకూ బిడ్డ ఫీజుకూ కొంచెం కొంచెంగా కరిగిపోయింది. పుష్ప ఏ పెళ్లికి పిలిచినా పోవడం మానేసింది. మొగుడు ఒక్క మాట అనలేదు, అదే ఆమెను ఎక్కువగా కాల్చుతోంది. "తిట్టరాదా నన్ను!" అని ఒకరోజు అరిచింది. "నొక్కింది నేను కదనే" అన్నాడతను.

కార్డు మాత్రం వదల్లేదు. డీజిలు లేదు కాబట్టి నెలకింత బియ్యం కొని, మరునాడే కట్టేస్తున్నాడు.

సంక్రాంతి ఇంకా రాకముందే, హిందూపురం మార్కెట్లో ఎవరిదో బండి పక్కన నిలబడి ఉండగా ఉషారాణి ఫోను వచ్చింది. గొంతులో సంతోషం పొంగుతోంది.

"అన్నా! మీ స్కోరు ఏడు వందల నలభై దాటింది. మీ అప్లికేషను నేను తీసెయ్యకుండా పెట్టింటి. ఇప్పుడు లోను కచ్చితంగా వస్తాది. బండి కాగితాలు తీసుకోని రాండి."

"ఏ బండి కాగితాలు తల్లీ?" అన్నాడు వీరేష్.

ఆ పిల్ల గొంతు తగ్గించి, "ఇంకో బండి ఏమన్నా చూసుకుంటారా అన్నా? ముందు కట్టేది ఉంటే చాలు" అన్నది.

"ఆ దుడ్లు అయిపాయమ్మా."

"అయితే... అప్లికేషను క్యాన్సిల్ చేసేదా?"

ఆ రోజు బదిలీకి పిలిచిన బండి ఓనరు వచ్చి, ఎక్కమని వీరేష్‌కు సైగ చేస్తున్నాడు.

"చెయ్యి తల్లీ" అన్నాడు. ఆమె ఫోను పెట్టేయబోతుంటే కంగారుగా ఆపి అడిగాడు. "అమ్మా, అమ్మా, ఒక్క మాట. క్యాన్సిల్ చేస్తే దానికేమన్నా స్కోరు తగ్గుతాదా?"