నాయన నోట ఒక్క పేరు

మా నాయన దేవుణ్ణి నమ్మలేదు. అమ్మ నమ్మకుండా ఒక్క పూట కూడా గడపలేదు. ధర్మవరంలో ఒకే ఇంట్లో, ఒకే మగ్గం దగ్గర, ఆయన నేస్తూ ఈమె తెగిన పోగులు అతుకుతూ ముసలివాళ్లయ్యారు.

మనుషులు ఎక్కడినుంచి వచ్చారని చిన్నప్పుడు నేను అడిగితే చెరో జవాబు చెప్పేవారు. దేవుళ్లకు కట్టుకోను బట్టల్లేక శివుడు మా నేతవాళ్ల మూలపురుషుణ్ణి పుట్టించాడని, ఆయన విష్ణువు బొడ్డు తామరతూడు నుంచి మొదటి దారం తీశాడని అమ్మ చెప్పేది.

"అంతవరకూ దేవుళ్లు గుడ్డల్లేకుండానే తిరుగుతాండిరా?" అని నాయన నవ్వేవాడు. "ముందు కోతి. ఆమీదట చలి. ఆమీదట గుడ్డ. అంతేప్పా."

"కోతులు మీ నాయన వంశం. మాది కాదు" అనేది అమ్మ.

నాకు ఆ పోట్లాట భలే ఇష్టంగా ఉండేది. అప్పట్లో అందులో ఎవరికీ దెబ్బ తగిలేది కాదు.

కిందటి ఎండాకాలం నాయన ఊపిరితిత్తులు పూర్తిగా చెడిపోయాయి. ఇంటికి తీసుకుపొమ్మని ఆసుపత్రిలో చెప్పేశారు. మంచం మీద ప్రాణం పోకూడదని మా వాళ్ల పట్టింపు. మగ్గం పక్కన నేల మీద చాప పరిచి పడుకోబెట్టాం. పోయేటప్పుడు నోట దేవుని పేరు వస్తేనే ఆ మనిషి దేవుని దగ్గరికి చేరతాడని అమ్మ నమ్మకం. తులసి నీళ్లు పట్టుకుని ఆయన తల దగ్గరే కూర్చుంది.

"నారాయణ అను. ఒక్కతూరి అను. లేకపోతే నేను ఆడికి వచ్చినాక నిన్ను యాడని ఎతుక్కోవల్ల?"

"నేను యాడా ఉండనే" అన్నాడు నాయన, ఆయాసపడుతూ. "మగ్గం నిలిపినాక ఆ సప్పుడు యాడికి పోతాది? ఇదీ అంతే."

అమ్మ తిండి మానేసింది. వీధిలోకి నీళ్ల ట్యాంకరు వచ్చి జనం బిందెలతో కొట్టుకుంటున్నా లేవలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. చచ్చిపోయే మనిషిని ఇలా పీడించడమేమిటని అరిచాను కూడా. ఆమె నా వైపు తిరగనైనా లేదు.

మూడో రోజు పొద్దున నాయన ఆమె ముఖాన్ని చాలాసేపు చూశాడు. ఎండిపోయిన ఆ పెదాలను చూశాడు. "నారాయణ" అన్నాడు. అమ్మ భోరున ఏడ్చి, ఆయన నోట్లో తులసి నీళ్లు పోసి, వంటింట్లోకి పోయి ఇంత సంగటి తింది. సాయంత్రానికి ఆయన పోయాడు.

పెద్దకర్మ అయి చుట్టాలు వెళ్లిపోయాక చూస్తే నాయన కాళ్లు దింపుకుని నేసే మగ్గం గుంట అంచున అమ్మ కూర్చుని ఉంది. నువ్వు కోరుకున్నట్టే జరిగింది కదమ్మా అన్నాను.

"యాడ జరిగిందప్పా? నేను తినలేదని అన్నాడు. నా మొగం చూసి అన్నాడు. దేవుని తలుచుకొని అన్లేదు. ఆయన మాట మీద ఆయన్ను పోనీకపోతి. నా దేవుని దగ్గరికీ చేర్చలేకపోతి. నువ్వు సదువుకున్నోనివి, చెప్పు. ఆయనన్న ఆ పేరు దేవుని దగ్గర చెల్లుతాదా?"

నాకు దేవుడూ లేడు, పైలోకమూ లేదు. ఈ సంగతి ఆమెకూ తెలుసు. ఆమె ముఖం చూశాను.

"చెల్లుతుందమ్మా" అన్నాను.

అమ్మ నన్ను తేరిపార చూసింది.

"మీ నాయనా ఇట్లే అన్నాడు" అంది.