గోతి గట్టు మీద దేవీప్రసాద్ గారు

దేవీప్రసాద్ గారు డాక్టర్ని నమ్ముతారు, లాయర్ని నమ్ముతారు, ఎన్నికల ముందు గుమ్మంలోకి వచ్చి దండం పెట్టినవాళ్ళని కూడా నమ్ముతారు. కారులో ఆయిల్ మార్చామని చెప్పే గేరేజీని మాత్రం నమ్మరు. ఈ సంగతి తెలియని మెకానిక్ ఎవరైనా అనకాపల్లిలో ఉంటే, అతను నిన్నో మొన్నో ఊళ్ళోకి వచ్చి ఉండాలి.

"హారను బాగు సేసేనంటే నొక్కి సూత్తాం. టైరు మార్చేనంటే కంటికి కనబడతాది. ఆయిల్ మార్చేనంటే ఏటి సూత్తావు? మూత తీసి ఇంజన్లోకి దూరతావేటి?" అని అడుగుతారాయన. దీనికి ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు. చెప్పడానికి ఆయన అవకాశం ఇస్తే కదా!

అనుమానం ఆయనకి ఉద్యోగంతో వచ్చింది. బెల్లం మార్కెట్లో ఒక షావుకారు దగ్గర ముప్ఫై రెండేళ్ళు గుమస్తాగా చేశారు. వచ్చిన సరుకులో ఒక దిమ్మని పగలగొట్టి లోపలి రంగు చూడడం ఆయన పని. పైకి పసుపుపచ్చగా ఉండి లోపల నల్లగా ఉన్న దిమ్మలు వెయ్యి చూసుంటారు. పని మానేసి పాత మారుతి కారు కొనుక్కున్నాక, పగలగొట్టడానికి దిమ్మలు లేవు గానీ గేరేజీలు దొరికాయి.

ఒకసారి అల్లుడి పోరు పడలేక బైపాస్ రోడ్డులో కొత్తగా పెట్టిన అద్దాల సర్వీస్ సెంటర్‌కి వెళ్ళారు. అక్కడి అమ్మాయి కారు తాళం తీసుకుని, ఏసీ గదిలో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చింది.

"నేను బండి దగ్గరుంటానమ్మా."

"కస్టమర్లు లోపలికి రాకూడదు సార్. టీవీ పెట్టమంటారా?"

ఆయన కాఫీ వంక చూశారు, టీవీ వంక చూశారు. "ఇన్ని మర్యాదలు సేత్తన్నారంటే లోపలేటో సేత్తన్నారన్నమాటే" అని తాళం వెనక్కి తీసుకుని, పాత ఆయిల్‌తోనే ఇంటికి వచ్చేశారు. కాఫీ మాత్రం తాగేశారు.

అలా తిరిగి తిరిగి చివరికి ఆయన అబ్దుల్ సత్తార్ నెత్తిన పడ్డారు. స్టేషనుకి వెళ్ళే దారిలో ఒక రేకుల షెడ్డు, కారు కిందికి దిగి పని చేసుకోవడానికి ఒక గొయ్యి, అంతే సత్తార్ గేరేజీ. అక్కడ తలుపు లేదు, అద్దం లేదు, కాఫీ అసలే లేదు. దేవీప్రసాద్ గారికి అది తెగ నచ్చేసింది.

పదకొండేళ్ళుగా ఆరు నెలలకోసారి ఆయన గుడ్డసంచితో దిగుతారు. అందులో తను కొన్న ఆయిల్ డబ్బా, టార్చిలైటు, ఇనుము కోసే రంపం ఉంటాయి. గోతి గట్టు మీద పేపరు పరుచుకుని కూర్చుంటారు. డబ్బా సీలు ఆయనే విప్పాలి. పోశాక ఖాళీ డబ్బాకి చిల్లు పెడతారు, అందులో ఎవరూ దొంగ ఆయిల్ నింపి అమ్మకుండా. ఊడదీసిన ఫిల్టర్ని రంపంతో రెండు ముక్కలు చేస్తారు, ఎవరూ రంగేసి మళ్ళీ అమ్మకుండా. ఆ పైన, దిగిన పాత ఆయిల్ని కొలుస్తారు.

"మూడు లీటర్లు పోసేం కదా, రెండున్నరే దిగిందేటి సత్తారూ?"

"ఇంజన్ తాగేసింది సార్."

"ఇంజనే తాగిందో, ఇంకెవులు తాగేరో."

"రంజాన్ నెల సార్. నేను మంచినీళ్ళే తాగట్లేదు."

వినేవాళ్ళకి ఇది నవ్వులాటే గానీ సత్తార్‌కి అవమానంగా ఉండేది. పదకొండేళ్ళలో ఆ మనిషి ఒక్కసారి 'బాగుంది' అనలేదు. పని అయ్యాక "ఊఁ" అని వెళ్ళిపోవడమే. చూసేవాళ్ళు ఏమనుకుంటారు? ఇంత కాపలా కాస్తున్నారంటే ఈ సత్తార్ చేతివాటం మనిషేమో అనుకోరూ?

"ఇంక రావద్దని సెప్పేయండి. పోలీసోళ్ళు కూడా దొంగని ఇలా కాయరు" అనేది అతని భార్య రుఖియా.

"పెద్దాయన. ఏ మొహం పెట్టుకుని సెప్పను?" అనేవాడు సత్తార్.

అద్దాల సెంటర్ వచ్చినప్పటినుంచి సత్తార్ దగ్గరికి వచ్చే బళ్ళు ఏటేటా తగ్గుతూ చివరికి సగానికి పడిపోయాయి. ఆ సమయంలో ట్రావెల్స్ నడిపే ధనరాజ్ కబురు పంపాడు. అతనికి ఏడు కార్లున్నాయి. అన్నిటి సర్వీసూ ఒకే చోట అప్పగిద్దామని చూస్తున్నాడు. అద్దాల సెంటర్ చూసేశాడు, బుధవారం పొద్దున్న సత్తార్ పని చూడడానికి వస్తాడట. ఆ ఏడు కార్లు వస్తే షెడ్డు నిలుస్తుంది. రాకపోతే షెడ్డు మూసి, విశాఖపట్నంలో ఎవరి దగ్గరో పనికి చేరాల్సిందే.

బుధవారం ధనరాజ్ వచ్చాడు. అతని వెనకే పాత మారుతి వచ్చింది. అందులోంచి గుడ్డసంచి దిగింది. సత్తార్ గబగబా ఎదురెళ్ళాడు.

"సార్, రేపు రండి సార్."

"ఆరు నెల్లు నిన్నటితో అయిపోయింది. ఇప్పటికే ఒకరోజు ఎక్కువైంది" అన్నారు దేవీప్రసాద్ గారు, పేపరు పరుస్తూ.

"ఆయన బండే కానియ్ భాయ్. నేనూ సూత్తాను" అన్నాడు ధనరాజ్.

సత్తార్ గోతిలోకి దిగి, ఇంజన్ అడుగున ఆయిల్ దిగకుండా బిగించి ఉండే చాంబర్ బోల్టు విప్పాడు. పాత ఆయిల్ ట్రేలోకి దిగింది, ఫిల్టర్ మారింది. పైనుంచి ధనరాజ్ ఒకటే ప్రశ్నలు. డీజిల్ బండికి ఎంతసేపు పడుతుంది, వారంలో ఏడూ చెయ్యగలవా, అర్జంటైతే ఆదివారం తీస్తావా? అన్నిటికీ జవాబు చెబుతూనే సత్తార్ పైకొచ్చి కొత్త ఆయిల్ పోయడం మొదలుపెట్టాడు. బోల్టు అతని చొక్కా జేబులోనే ఉంది.

అతను ఈ పనిలోకి దిగిన ఇరవై ఏళ్ళలో ఎన్నడూ అలా జరగలేదు. పైన పోసింది పోసినట్టు కింద ట్రేలోకి పోతోంది, తేనె రంగులో. టార్చి పట్టుకున్న దేవీప్రసాద్ గారు చూశారు. ఆయన చూశారని సత్తార్ కూడా చూశాడు. ఇన్నాళ్ళూ ఈయన కాచుక్కూర్చుంది ఈ రోజు కోసమే, అది ధనరాజ్ ముందే వచ్చింది అనుకుంటూ అతను వంచిన డబ్బా ఎత్తకుండా అలాగే ఉండిపోయాడు.

"ఆపు, సాలు!" అని గట్టిగా అరిచారు దేవీప్రసాద్ గారు.

ధనరాజ్ ఉలిక్కిపడి గోతిలోకి వంగాడు. "అదేటండీ, కొత్తది కారిపోతంది?"

"కారడం కాదు బాబూ, కడగడం. ముందు ఓ లీటరు పోసి లోపల మడ్డంతా వదిలించి, అప్పుడు బోల్టు బిగించమని నేనే సెప్పేను. దండగని సత్తారు మొత్తుకున్నాడు. నేనే వినలేదు."

ఈ మాట ఇంకెవరు చెప్పినా ధనరాజ్ నమ్మేవాడు కాదు. పక్కన రంపం పెట్టుకుని కూర్చున్న మనిషి చెబితే నమ్మక ఏం చేస్తాడు?

"మా బళ్ళకీ ఇలాగే కడుగుతావా భాయ్?"

సత్తార్ నోరు తెరిచేలోపే దేవీప్రసాద్ గారు అందుకున్నారు. "వద్దొద్దు. ఇది నా ఒక్కడికున్న పిచ్చి. మీరు మామూలుగా సేయించుకోండి."

ధనరాజ్ నవ్వాడు. "పోనీ మీరే సెప్పండి. ఇతన్ని నమ్మొచ్చా?"

దేవీప్రసాద్ గారు టార్చి ఆర్పారు.

"నేనెవర్నీ నమ్మను. సూసిందే సెప్తాను. నా బండిని నేను సూత్తన్నానని ఇతననుకుంటాడు. నా కన్నెప్పుడూ పక్క బళ్ళ మీదే. అడిగే దిక్కులేని బండికి ఏటి సేత్తాడో సూడాలి కదా. పదకొండేళ్ళు సూసేను. అన్నిటికీ ఒక్కలాగే సేత్తాడు."

ధనరాజ్ రేపటినుంచి రోజుకో బండి పంపుతానని చెప్పి వెళ్ళిపోయాడు.

సత్తార్ జేబులోంచి బోల్టు తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. "సార్, ఇది..."

"నోర్మూసుకో. పదకొండేళ్ళు సరిగ్గా సేసినప్పుడు బాగుందని ఒక్కనాడైనా సెప్పేనా? ఇయ్యాల ఒక్కసారి సెయ్యి తప్పితే ఊరందరికీ సెప్పమంటావేటి?"

"పోయిన లీటరు నేను పోత్తాను సార్. కొత్త డబ్బా ఉంది."

"నీ డబ్బాయా? దాని సీలు ఎవులు సూసేరు? నేను నమ్మను. బజారుకెళ్ళి నేనే తెత్తాను" అని ఆయన గుడ్డసంచి దులుపుకుని, ఎండలో పడి చరచరా నడిచి వెళ్ళిపోయారు.

ఆయన మలుపు తిరిగాక గానీ సత్తార్‌కి తట్టలేదు. కారు అక్కడే ఉంది, బానెట్ తెరిచే ఉంది, గట్టు మీద పేపరు తప్ప మనిషి లేడు. పదకొండేళ్ళలో దేవీప్రసాద్ గారు తన కారుని ఎవరి చేతుల్లోనైనా వదిలి వెళ్ళడం అదే మొదటిసారి.

సత్తార్ గోతిలోకి దిగి బోల్టు బిగించాడు. ఒకటికి మూడుసార్లు సరిచూసుకున్నాడు. ఆ పైన శుభ్రమైన గుడ్డ తీసుకుని, ఆయన వచ్చి వంగి చూసేసరికి తళతళలాడాలని, ఆ బోల్టుని తుడుస్తూ కూర్చున్నాడు.