ఆమెకు తూర్పు పక్క జాగా

నాకు అక్షరాలు వచ్చింది యాభై ఎనిమిదో ఏట. నేర్పింది మా ఇంటావిడ. అంతకుముందు నలభై ఏళ్ళు దూది ఏకి పరుపులు కుట్టాను. తెనాలిలో పొద్దున్నే రైలెక్కి ఓ వారం రేపల్లె, ఓ వారం బాపట్ల వెళ్ళేవాణ్ణి. వీధులు తిరిగి, జనం వాడిన పాత పరుపులు విప్పి, దూది ఎండబెట్టి, ఏకి, మళ్ళీ కుట్టి ఇచ్చేవాణ్ణి. మనిషిని చూస్తే ఎంత పరుపు కావాలో టేపు లేకుండా చెప్పగలను. ఆ పనికి చదువు అక్కర్లేదు. ఫోమ్ పరుపులు వచ్చి మా పని పోయింది. నేను ఇంట్లో ఖాళీగా కూర్చున్నాను. అప్పుడావిడ పలక తెచ్చి నా ముందు పెట్టింది.

"నేను ఖురాను తెలుగులో చదివి వినిపిస్తుంటే నిద్రపోతున్నారు. ఇక మీరే చదవండి, నిద్రెలా వస్తుందో చూస్తాను" అంది.

మాకు పిల్లల్లేరు. ఇంట్లో ఇద్దరమే. చదువు పట్టుబడటానికి రెండేళ్ళు పట్టింది. ఒత్తుల దగ్గర చాలా విసుక్కున్నాను. వేలు పెట్టి ఒక్కో మాటే పట్టుకుని చదివేవాణ్ణి. ఒకరోజు ప్రళయదినం గురించి చదువుతూ ఆగిపోయాను. ఆ రోజు మనిషి తోడబుట్టినవాళ్ళనీ, కన్నవాళ్ళనీ, భార్యనీ, పిల్లల్నీ చూసి పారిపోతాడని ఉంది.

"ఏంటిది? నిన్ను చూసి నేను పారిపోతానా?"

"ఇక్కడే నలభై ఏళ్ళు పారిపోయారుగా, రేపల్లె బండెక్కి. అక్కడ మాత్రం ఆగుతారా?" అని నవ్వింది. కాసేపటికి నవ్వకుండా అంది: "అక్కడ ఎవరికి వాళ్ళమేనండి. నన్ను పట్టుకుని వేలాడకండి."

ఆవిడ పోయి నాలుగేళ్ళు. బియ్యం ఏరుతూ చేటతో సహా పక్కకి ఒరిగింది. నేను గది బయట అరుగు మీద పేపరు పైకి చదువుతున్నాను. ఏదో తప్పు మాట చదివి, దిద్దుతుందేమోనని చూశాను. దిద్దలేదు. అప్పుడు లేచి వెళ్ళాను.

మావాళ్ళని పూడ్చే ఖబరస్తాన్ సగం పల్లం. వానలు పడి కాలవ పొంగితే గుంత తవ్వుతుండగానే నీళ్ళు ఊరతాయి. మెరక మీద చోటు తక్కువ. ఆవిడకి మెరక మీదే దొరికింది. పక్కనే, తూర్పున, ఒక మనిషికి సరిపడా ఖాళీ ఉంది. మట్టి వేస్తున్నప్పుడే నా కళ్ళు దాన్ని కొలిచేశాయి. నా పొడవుకి సరిగ్గా సరిపోతుంది. మాలో మయ్యత్‌ను ముఖం పడమటికి తిప్పి పడుకోబెడతారు. తూర్పున పడుకున్నవాడు ఆవిడ వైపే చూస్తాడు. ఇంతకంటే ఏం కావాలనుకున్నాను.

ఖబరస్తాన్‌లో ముందుగా జాగా దాచిపెట్టుకోవడమనేది లేదు. ఎవరి వంతు వస్తే వాళ్ళకి, ఏది ఖాళీ ఉంటే అది. ఆ సంగతి నాకు తెలుసు కాబట్టే ఎవర్నీ అడగలేదు. ఒక గోరింట కొమ్మ తెచ్చి ఆ ఖాళీ నడుమ నాటాను. ఖబరు దగ్గర పచ్చగా ఉన్న మొక్క అల్లాను తలుచుకుంటుందనీ, లోపలి మనిషికి అది హాయనీ మావాళ్ళ నమ్మకం. పచ్చని మొక్కని ఎవరూ పీకరు. గుంతలు తవ్వే అతను చూసి "మంచి పని చేశారు బాబాయ్" అన్నాడు. మంచి పని చేసినవాడిలాగే తలూపాను.

శుక్రవారం జుమా నమాజు అయ్యాక సీసాలో నీళ్ళు పట్టుకుని వెళ్ళేవాణ్ణి. నమాజుకు ముందు ఇమాం గారు, ఈ దునియా బాటసారి కాసేపు ఆగే నీడలాంటిది, దీనికి మనసు కట్టకండి అని చెప్పేవారు. చుట్టూ కూర్చున్న మేడలవాళ్ళనీ, దుకాణాలవాళ్ళనీ చూసి వీళ్ళకి బాగా తగలాలి అనుకునేవాణ్ణి. నాకేముంది? అద్దె గది, మూడు లుంగీలు. దూది ఏకే విల్లు కూడా పాత సామాన్లవాడికి ఇచ్చేశాను. దునియాని వదిలేసిన మనిషిని నేనే అనుకున్నాను. ఏ ప్రాణికీ తాను ఏ నేల మీద చనిపోతుందో తెలియదన్న మాట కూడా ఆ రోజుల్లోనే చదివాను. అది వేరేవాళ్ళకి చెప్పిన మాటలా ఉంది. పేజీ తిప్పేశాను.

నిరుడు వానల్లో గుంతలు తవ్వే అతను మా గది ముందుకొచ్చి నిలబడ్డాడు. ఒళ్ళంతా బురద.

"బాబాయ్, నిజాంపట్నం నుంచి ఆస్పత్రికి తెచ్చిన మనిషి పోయాడు. రేపల్లె అవతల రోడ్డు మునిగింది, వెనక్కి తీసుకెళ్ళే దారి లేదు. పల్లంలో రెండు చోట్ల తవ్వాను. మోకాలి లోతు నీళ్ళు. మెరక మీద మీ మొక్క ఉన్న చోటొకటే ఉంది."

"పచ్చని మొక్కని పీకితే పాపం."

"ఆ పాపమేదో నా మీద వేసుకుంటాను."

"మగ మనిషా?"

"మగ మనిషే."

"మా ఇంటావిడ బతికినన్నాళ్ళూ పరాయి మగాడి ఎదట పడలేదు."

అతను నా వైపు అలాగే చూశాడు. "మీరేం మాట్లాడుతున్నారో మీకు తెలుస్తోందా? ఆ మొక్క ఎందుకు పెట్టారో నాకు తెలీదనుకున్నారా? ఒక శుక్రవారం ఎవరూ లేరనుకుని దాని పక్కన పడుకుని కొలత చూసుకున్నారు. నేను గోడ అవతలే ఉన్నాను."

నిజమే. పడుకున్నాను. ముఖం పడమటికి తిప్పుకుని మరీ పడుకున్నాను.

అతని వెంట మసీదుకి నడిచాను. వరండాలో శవాన్ని మోసే డోలా మీద మయ్యత్ ఉంది. గేటు బయట ఆటోలో ముసలావిడ ఒకతె కూర్చుని ఉంది. పోయినాయన భార్య. మసీదు వెనకే ఖబరస్తాన్, దాని లోపలికి ఆడవాళ్ళు రారు. నన్ను చూసి మసీదు కమిటీ పెద్ద అనుకుంది.

"అన్నా, చోటు దొరికిందా? నీళ్ళలో పెట్టరు కదా? బతికినన్నాళ్ళూ పడవ మీద తడిసే ఉన్నాడు. ఒళ్ళు ఆరిన రోజు లేదు. ఇప్పుడన్నా కాస్త పొడి నేల చూడండన్నా."

ఆవిడ తనకి పక్కన చోటు అడగలేదు. ఊరు కాని ఊళ్ళో మొగుణ్ణి వదిలేసి వెళ్ళబోతోంది. మళ్ళీ ఎప్పుడొస్తుందో, ఆ గేటు దగ్గరికైనా రాగలదో లేదో. అయినా అడిగింది పొడి నేల ఒక్కటే.

"మెరకేనమ్మా. పొడి నేలే" అన్నాను.

మొక్కని నేనే పీకాను. నడుం ఎత్తు పెరిగింది. వేరు మా ఇంటావిడ మట్టి వైపు పాకి ఉంది, కత్తితో తెంపాల్సి వచ్చింది. గుంతలో నీళ్ళు ఊరలేదు. ముఖాన్ని పడమటికి తిప్పి పడుకోబెట్టారు. అందరితో పాటు నేనూ మూడు పిడికెళ్ళ మట్టి వేశాను. ఇది పుణ్యమని ఒకరిద్దరు అన్నారు. నాకు మాత్రం ఇల్లు ఖాళీ చేసి వచ్చినట్టుంది.

తర్వాత కొన్ని శుక్రవారాలు ఆ కొత్త మట్టి వైపు చూడలేకపోయాను. చచ్చిపోయిన మనిషి మీద నాకు అసూయ. ఇంత వయసొచ్చి, ఇంత చదివి, ఇదీ నా సంగతి. మేడలవాళ్ళు మేడల్ని పట్టుకున్నారు. నేను ఆరడుగుల నేలని పట్టుకున్నాను, పైగా దానికి పరలోకమని పేరు పెట్టుకున్నాను. ఆవిడ వేలాడొద్దన్నది దీన్నే కాబోలు. ఇప్పుడు దువా ఇద్దరికీ చేస్తాను. మొదట ఆయనకి, తర్వాత ఆవిడకి. అలా చేస్తే తప్ప ఆయనది నాలుక మీదికి రావడం లేదు.

మొన్న శుక్రవారం గుంతలు తవ్వే అతను ఎదురొచ్చాడు.

"ఏం బాబాయ్, మళ్ళీ మొక్క ఏమన్నా తెచ్చారా?"

"లేదురా" అని రెండు చేతులూ చూపించాను.

చేతుల్లో లేని మాట నిజమే. కానీ పీకిన రోజు ఆ మొక్క నుంచి విరిగిన రెమ్మ ఒకటి జేబులో వేసుకొచ్చాను. ఎందుకో నన్నడిగితే చెప్పలేను. ఆవిడ టీ తాగే గాజు గ్లాసులో నీళ్ళు పోసి కిటికీలో పెట్టాను. వేళ్ళు పట్టింది. తెల్లగా, దారపు పోగుల్లా, గ్లాసు అడుగంతా అల్లుకున్నాయి. ఆవిడ కాళ్ళ దగ్గర గోడ వారగా కొంచెం చోటుంది. నాకు సరిపోదు, మోకాళ్ళు ముడుచుకోవాలి. అది కూడా కొలిచేశాను.

శుక్రవారం పొద్దున గ్లాసులో నీళ్ళు మారుస్తాను. నమాజుకు బయల్దేరేటప్పుడు కిటికీ వైపు చూడకుండా తలుపేస్తాను.