ఒడిలో ఐదు పచ్చి కొమ్ములు

నా చిన్నప్పుడు, మూడో తరగతి పరీక్షలకు ముందు ఒక మధ్యాహ్నం, మా బాపమ్మకు పుట్టింటి నుంచి మిగిలిన ఒకే ఒక్క వస్తువును నేను ఉడకబెట్టేశాను. మాట వింతగా ఉన్నా జరిగింది అదే. బాపమ్మ అంటే మా నాన్న తల్లి. మా ఇల్లు ఆర్మూర్ అంచున, పసుపు చేనుకు ఆనుకొని ఉండేది.

పసుపు గింజతో మొలవదు. పోయిన ఏటి కొమ్మునే దాచిపెట్టి, వానలకు ముందు మళ్లీ నాటుకోవాలి. అందుకని తవ్వకాలు కాగానే మంచి పచ్చి కొమ్ములను విత్తనానికి ఏరి, నీడలో కుప్పపోసి, పైన పసుపాకులు కప్పుతారు. మిగతాదంతా పెద్ద కడాయిలలో ఉడికి, ఎండి, మార్కెట్‌కు పోతుంది. మా ఇంట్లో విత్తనం కుప్పలు రెండు. పెద్దది నాన్నది. పక్కన గంపెడు కంటే కొంచెం ఎక్కువగా ఉండే చిన్నది బాపమ్మది. ఆమె కొమ్ములు సన్నగా, వంకరగా ఉండేవి. దిగుబడి తక్కువని నాన్న ఏటా సణిగేవాడు. విరిస్తే మాత్రం లోపల ఎర్రగా ఉండి, చేతికి అంటిన వాసన రెండు రోజుల దాకా పోయేది కాదు.

ఆడపిల్లను అత్తవారింటికి పంపేటప్పుడు ఒడిబియ్యం పోయడం మా వైపు అందరికీ ఉన్నదే. ఆ బియ్యంలో ఎండు పసుపు కొమ్ములు పెడతారు. బాపమ్మ తల్లి వైపు ఆడవాళ్లు మాత్రం ఐదు పచ్చి కొమ్ములు పెట్టేవారట, పోయిన చోట నాటుకొమ్మని. బాపమ్మకు ఆమె తల్లి, ఆమె మాటల్లో ‘అవ్వ’, ఇచ్చింది, ఆ తల్లికి ఆమె తల్లి. ఎక్కడ మొదలైందో ఎవరికీ తెలియదు. బాపమ్మకు ముగ్గురూ కొడుకులే. ఎవరి ఒడిలోనూ పోయలేక, ఏటా రెండు సాళ్లలో తానే వేసుకొని కాపాడుకొంటూ వచ్చింది.

ఆ రోజు పొయ్యి దగ్గర కూలీలు కడాయి ఇంకా నిండలేదని అనుకోవడం నా చెవిన పడింది. పెద్దవాళ్ల చేత భేష్ అనిపించుకోవాలన్న యావ నాకు కొంచెం ఎక్కువే. ఇప్పటికీ తగ్గలేదు. పెద్ద కుప్ప విత్తనమని నాకు తెలుసు, దాని జోలికి పోలేదు. చిన్నదాన్ని మరిచిపోయారనుకున్నాను. ఆకులు పక్కకు తీసి, నా బుజ్జి గంపతో పది సార్లు మోసి, అంతా కడాయిలో పోయించాను. ఆ ఆవిరిలో ఎవరూ అంతగా చూసుకోలేదు.

సాయంత్రం బాపమ్మ వచ్చి ఖాళీ నేలను చూసింది. నేనే ఎదురుపోయి, కడాయి నిండింది నా వల్లనే అని గొప్పగా చెప్పాను. బాపమ్మ అక్కడే కూలబడి, చెదిరిన ఆకులను ఒక్కొక్కటే ఏరుకుంటూ ఉండిపోయింది. నాన్న సముదాయించబోయాడు.

“పోతె పోనియ్యి అమ్మా. విత్తనం మార్కెట్ల దొర్కదా?”

“నీకు దొర్కుతది,” అంది బాపమ్మ. “మా అవ్వ దొర్కుతదా?”

ఏం పోయిందో నాకు అర్థం కాలేదు. ఉడికినా అది పసుపే కదా అన్నాను. బాపమ్మ లేచి కడాయిలోంచి ఒక కొమ్ము, నాన్న కుప్పలోంచి ఒక పచ్చి కొమ్ము తీసి నా చేతిలో పెట్టింది. రెండూ పక్కపక్కన నాటి రోజూ నీళ్లు పొయ్యమంది. “నన్నడుగకు. గవ్వే చెప్తయ్,” అంది.

పోశాను. పదిహేను రోజులకు తవ్వి చూస్తే పచ్చిది రాయిలా గట్టిగా ఉంది, దాని మొలక కన్ను ఉబ్బింది. ఉడికినది వేలు తగలగానే మెత్తగా చిదికిపోయింది. అప్పుడు ఏడ్చాను. ఎక్కిళ్లు వచ్చేదాకా ఏడ్చాను. బాపమ్మ కొంగుతో నా ముక్కు తుడిచి, మరుసటి ఆదివారం నన్ను బస్సెక్కించింది.

ముందు భీమ్‌గల్ పోయాం. అక్కడ ఆమె చెల్లెలిది కాపురం. ఆ చెల్లెలికీ ఒడిలో అదే పసుపు వచ్చింది. చెల్లెలు పోయి చాలా ఏళ్లయినా కొడుకులిద్దరూ సేద్యం చేస్తున్నారు కాబట్టి విత్తనం ఉంటుందని బాపమ్మ నమ్మకం. వాళ్లు మంచం వేసి, చాయ్ ఇచ్చి, తలలు దించుకున్నారు. “అమ్మ పసుపు ఎప్పుడో తీసేసినం పెద్దమ్మా. గింతంత పండుతదాయె,” అన్నాడు పెద్దవాడు.

ఇక ఇంటికి పోదామని నేను గునిశాను. బాపమ్మ చాయ్ కప్పు కింద పెట్టి లేచింది. “కొడుకులింట్ల లేకపోతె బిడ్డింట్ల ఉంటది. ఒడి యాడికి పోయిందో గాడికి పోవాలె,” అంది.

చెల్లెలి కూతుర్ని ధర్పల్లిలో ఇచ్చారు. మేం చేరేసరికి ఆమె గడపలో చేట ముందు కూర్చొని బీడీలు చుడుతోంది. వాళ్లకు చేను లేదు. ఉన్నదల్లా దొడ్లో, స్నానాల నీళ్లు పారే చోట, అర సాలు పసుపు. అమ్మ ఇచ్చిందని వదలలేదంది. ఆకులు ఎండి నేలకు వాలినా ఆమె ఇంకా తవ్వలేదు. బాపమ్మ గడ్డపార అడిగి తీసుకొని తనే తవ్వింది.

బయటికి వచ్చిన కొమ్ములు లావుగా, తెల్లటి తోలుతో ఉన్నాయి. ఇవి మనవి కావని నేను గట్టిగానే చెప్పాను. బాపమ్మ ఒకటి విరిచింది. లోపల అదే ఎరుపు, అదే వాసన. ఆమె దాన్ని ముక్కుకు ఆనించుకుంది. “ఊరు మారె, మన్ను మారె. జర మారదా? లోపల మా అవ్వే ఉంది,” అంది.

తర్వాత నా గౌను అంచు పట్టి చాపమని, అందులో ఐదు కొమ్ములు వేసింది. నేను నీ కూతుర్ని కాదు, కొడుకు కూతుర్ని, నాకు చెల్లుతుందా అని అడిగాను.

“ఉడకవెట్టినదానివి నువ్వే, కాపాడేదానివి నువ్వే. ఒడి వట్టు,” అంది.

తొంభైలలో నేను హైదరాబాద్‌లో జన్యుశాస్త్రంలో పరిశోధనకు చేరాను. మన కణాలలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా అనే చిన్న భాగాలుంటాయి. వాటికి సొంత డీఎన్ఏ ఉంటుంది. అది తల్లి నుంచే బిడ్డలకు వస్తుంది. కొడుకుకూ వస్తుంది కానీ అతని పిల్లలకు పోదు. తరాలు గడిచేకొద్దీ ఆ డీఎన్ఏ రాతలో ఎప్పుడో ఒక అక్షరం మారుతుంది. ఆ మార్పులను వెనక్కి చదువుకుంటూ పోతే తల్లులు ఒకరి వెనక ఒకరు కనిపిస్తారు. మా సారు బోర్డు మీద ఇది గీసి చెబుతుంటే నాకు నవ్వు ఆగలేదు. ఎందుకు నవ్వుతున్నావని ఆయన కోప్పడ్డారు. ధర్పల్లి దొడ్లో ఇదంతా చదువుకొని వచ్చానని ఎలా చెప్పను?

ఆ పరిశోధన చేస్తూ, ఆ చదువే చెబుతూ బతికాను. ఒకసారి ఒక ఊరి వాళ్ల రక్త నమూనాలలో మేం వెతుకుతున్న పాత తల్లి వరస కనిపించలేదు. అంతరించిందని రాసేద్దామన్నారు తోటివాళ్లు. నేను ఒప్పుకోలేదు. ఈ ఊరి ఆడపిల్లలను ఎక్కడెక్కడ ఇచ్చారో కనుక్కొని, ఆ ఊళ్లు పట్టుకొని తిరిగాను. మూడో ఊళ్లో ఒక ముసలమ్మ దగ్గర దొరికింది, రెండు అక్షరాలు మారి.

బాపమ్మ అప్పటికే లేదు. మా వంశం పటం కూడా ఒకసారి గీసుకున్నాను. మేం మగవాళ్లకు చదరం గీస్తాం. బాపమ్మ నుంచి బయలుదేరిన గీత మూడు చదరాల దగ్గర ఆగిపోయింది. మొదటిది మా నాన్నది. బాపమ్మ తల్లి నుంచి వచ్చిన ఆ మైటోకాండ్రియా నాలో ఒక్కటి కూడా లేదు. అది చూసి ఆ రోజు నా టేబుల్ దగ్గరే కళ్లనీళ్లు పెట్టుకున్నాను.

పసుపు మాత్రం ఉంది. మా డాబా మీద కుండీల్లో ఏటా వేస్తాను, ఏటా తవ్వుతాను, ఒకటి విరిచి వాసన చూస్తాను. నాకూ ఇద్దరూ కొడుకులే. పెద్దవాడికి ఈ మధ్యే కూతురు పుట్టింది. గీతల ప్రకారం దానికి నా తల్లి వరస కూడా పోదు. గీతలు నేర్పడమే నా ఉద్యోగం కాబట్టి ఆ సంగతి నాకంటే ఎవరికి బాగా తెలుసు? అయినా ఈసారి తవ్వగానే ఐదు కొమ్ములు వేరుగా తీసి, ఆకులు కప్పి, పొయ్యికి దూరంగా పెట్టాను.