కరకట్ట బ్యాండ్ హిట్స్‌కి నేను జడ్జినైన వేసవి

2023 వేసవి. విజయవాడ సూర్యారావుపేటలో మా స్టూడియో. మామూలు రోజుల్లో చర్చి పాటలు, ఎన్నికలొస్తే ప్రచార పాటలు రికార్డు చేస్తుంటాం. నా పని మాస్టరింగ్. అంటే, వేర్వేరు ఏళ్ళలో వేర్వేరు చోట్ల రికార్డయిన పాటలు ఒకే ఆల్బమ్‌లా వినపడేట్టు చివరగా సరిచేయడం. ఆ పనికి ఓపిక కావాలని అందరూ అంటారు. ఎంత కావాలో కరకట్ట బ్యాండ్ వచ్చాకే నాకు తెలిసింది.

ఒకప్పుడు కరకట్ట వస్తోందంటే కాలేజీ ఆడిటోరియాలు నిండిపోయేవి. తెలుగులో రాక్ పాడేవాళ్ళు. తర్వాత విడిపోయారు. గిటారిస్టు ప్రసాద్ గారికి ఇప్పుడు ఆటోనగర్లో స్పేర్ పార్ట్స్ షాపుంది. డ్రమ్మర్ శీను గారు హనుమాన్ జంక్షన్లో లారీలు తిప్పుతున్నారు. పాటలు పాడిన డేవిడ్ గారు మైలవరంలో టీచరు. ఇన్నాళ్ళకి ఒక మ్యూజిక్ కంపెనీ వాళ్ళ పాటల్లోంచి పన్నెండు ఏరి గ్రేటెస్ట్ హిట్స్ ఆల్బమ్ వేస్తామంది. ఏ పన్నెండు అన్న దగ్గర మాటా మాటా పెరిగింది. చివరికి "బయటివాళ్ళు తేలిస్తే సరిపోద్ది, మీరే జడ్జి మేడమ్" అని నా నెత్తిన పెట్టారు.

ఒప్పుకున్నందుకు నన్ను నేను తిట్టుకోని రోజు లేదు. ప్రసాద్ గారు ఎంచినవన్నీ గిటార్ సోలో పాటలే. శీను గారు ఫోన్ చేసి "నా డ్రమ్స్ పక్కింట్లో వాయిస్తున్నట్టున్నాయండీ" అనేవారు. సరేనని డ్రమ్స్ పెంచితే గిటార్ తగ్గిందని ప్రసాద్ గారి ఫోను. గిటార్ పెంచితే మళ్ళీ మొదటికి.

ఇదంతా ఒక ఎత్తు, 'లాకుల దగ్గర' అనే పాట ఒక్కటీ ఒక ఎత్తు. జనం ఇప్పటికీ గుర్తుపెట్టుకున్నది ఆ పాటే. ప్రసాద్ గారేమో అందులో డేవిడ్ గారి గొంతు తీసేసి కొత్త సింగర్‌తో పాడించాలని పట్టుబట్టారు.

"చరణంలో శ్రుతి జారిందండీ. మీకు వినపడట్లేదా?"

"వినపడుతోందండీ. అలా జారడమే బాగుంది."

"హిట్స్ ఆల్బమ్‌లో తప్పులెందుకండీ?"

"ఆ తప్పుతోనే కదండీ హిట్టయింది!"

అంతకుముందు ఏడాదే డేవిడ్ గారికి గొంతు కాన్సర్ ఆపరేషన్ అయింది. మాటే సరిగ్గా రాదు, ఇక పాట ఊసెక్కడిది? ఇక పాడలేని మనిషి ఎప్పుడో పాడింది కూడా ఈ ప్రసాద్ గారు చెరిపేస్తానంటారేమిటని నాకు ఒళ్ళు మండింది.

ఇక లాభం లేదని ముగ్గురినీ స్టూడియోకి పిలిచాను. మాస్టరింగ్‌కి ముందు గొంతు, ఒక్కో వాయిద్యం విడివిడి ట్రాకులుగా ఉంటాయి. ఏది కావాలంటే అది ఆపేయొచ్చు. 'లాకుల దగ్గర' పెట్టి గిటార్, డ్రమ్స్ అన్నీ ఆపేశాను.

"ఇప్పుడు చెప్పండి, ఇందులో ఏం బాలేదో" అన్నాను, కాస్త కోపంగానే.

గదిలో ఆ గొంతు ఒక్కటే మిగిలింది. కుర్రతనం, దూకుడు, ఊపిరి తీసుకునే చప్పుడుతో సహా. డేవిడ్ గారు తలవంచుకుని వింటున్నారు. చరణం రాకముందే ప్రసాద్ గారు లేచి బయటికెళ్ళిపోయారు.

చిరాగ్గా వెనకే వెళ్ళాను. మెట్ల దగ్గర గోడవైపు తిరిగి నిలబడి ఉన్నారు.

"వాడు నాకు ఫోన్ చేస్తాడండీ. ఏదో చెప్తాడు. ఒక్క ముక్క అర్థం కాదు. ఆఁ, ఊఁ అని పెట్టేస్తాను. ఇప్పుడు ఆ పాత గొంతు పెట్టి వినమంటే ఎట్లా వినేదండీ?"

నేను రమ్మనకముందే ఆయనే లోపలికొచ్చి డేవిడ్ గారి పక్కన కూర్చున్నారు.

"నువ్వు ఫోన్లో చెప్పేది నాకు అర్థం కావట్లేదురా."

డేవిడ్ గారు నవ్వారు. గొంతు పెగుల్చుకుని, ఒక్కో మాటా విడగొట్టి అన్నారు. "తెలుసురా. ఊరికే... ఊఁ కొడతావు. అయినా... చేస్తా." తర్వాత స్పీకర్ వైపు చెయ్యి చూపించారు. "అది ఉంచు. అది... అర్థమవుద్దిగా."

ప్రసాద్ గారు నావైపు చూసి తలూపారు. శీను గారు కర్చీఫ్ తీశారు. ఆ పాటని శ్రుతి కూడా సరిచేయకుండా ఉన్నదున్నట్టు ఆల్బమ్‌లో పెట్టాను.

దాంతో అందరూ ఒక్కటైపోయారనుకుంటే పొరపాటు. మిగతా పాటల మీద మర్నాడు పొద్దున్నే ఫోన్లు మొదలు. ఆల్బమ్ బయటికొచ్చేదాకా నాకు తలనొప్పి తగ్గలేదు.

కానీ నా పని పద్ధతి మారింది. పాటలో ఫలానా చోటు మార్చమని ఎవరైనా వస్తే, వాళ్ళు చెప్పే కారణం ఎంత సబబుగా ఉన్నా, ముందు కూర్చోబెట్టి ఆ చోటు వినిపిస్తాను. అది నడుస్తున్నంతసేపూ నేను స్క్రీన్ చూడను. వాళ్ళ మొహం చూస్తాను.