పెన్ను పడితే బిగుసుకునే చెయ్యి

2018 జనవరి. మదనపల్లెలో ఒక చిన్న ఫిజియోథెరపీ క్లినిక్‌లో పనిచేస్తుండేదాన్ని. మండీకి వెళ్లే టమాటా లారీల మధ్య రోజూ నా స్కూటర్ ఇరుక్కునేది. అప్పట్లో వాటిని నోరారా తిట్టుకునేదాన్ని. ఇప్పుడు కుప్పంలో కూర్చుని, ఆ లారీల మీద కూడా బెంగ పెట్టుకున్నాను.

ఒకరోజు పుంగనూరు నుంచి మునిరత్నం తన కూతురు రేణుకను తీసుకొచ్చాడు. ఒకప్పుడు కూలిపని చేసి, అప్పటికి ఒక ఆఫీసులో అటెండరుగా కుదురుకున్నాడు. రేణుక ఇంటర్ రెండో సంవత్సరం. మార్చిలో పరీక్షలు. నాలుగు లైన్లు రాసేసరికి వేళ్లు బిగుసుకుపోయి పెన్ను కదలడం లేదు.

"నరం పట్టుకునిందేమో మేడమ్. కరెంటు పెడితే వదులుతాదా?" అన్నాడు.

మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి ఫిజియోథెరపీ అంటే కరెంటు పెట్టడమే. చూస్తే చేతిలో బలం బాగానే ఉంది. డాక్టరు కూడా నరాల్లో లోపం లేదన్నారు. నా ముందు రాయమన్నాను. తండ్రి పక్కనే వంగి, "నిదానంగా, కొట్టేయకుండా రాయమ్మా" అంటున్నాడు. అమ్మాయి భుజం చెవి దాకా లేచింది. ఆయన్ను టీ తాగి రమ్మని పంపాను. భుజం దిగింది, రాత ఇంకాస్త సాగింది.

దీన్ని రైటర్స్ క్రాంప్ అంటాం. మిగతా పనులన్నీ చేసే చెయ్యి రాతకు వచ్చేసరికి మొరాయిస్తుంది. ఇంట్లో ఏమేం పనులు చేస్తావని అడిగాను.

"సెలవుల్లో అమ్మతో మండీలో టమాటాలు ఏరతాను మేడమ్."

"అక్కడ చెయ్యి పట్టుకోదా?"

"లేదు. ఆడ చెయ్యి సంగతి ఎవరు తలుస్తారు? కాయ సూస్తాం, మెత్తగా ఉంటే పక్కన పెడతాం, అంతే."

నాకు కావలసిన మాట అదే. వేళ్ల మీద ధ్యాస పెట్టేకొద్దీ కండరాలు బిగుస్తాయి. చేసే పని మీద పెడితే వదులవుతాయి. చదువుకునే రోజుల్లో ఎక్స్‌టర్నల్ ఫోకస్ అని బట్టీపట్టిన పాఠం. పెన్నుకు గుడ్డ చుట్టి లావు చేశాను. బోర్డు మీద సుద్దముక్కతో, భుజం ఆడిస్తూ పెద్ద అక్షరాలు రాయించాను. కాగితం దగ్గరికి వచ్చాక, వేళ్లను వదిలేసి తర్వాతి మాట పడే చోటును చూడమన్నాను.

తండ్రికి చెప్పడమే కష్టమైంది. రోజూ సాయంత్రం కూతురి పక్కన కూర్చుని రాత చూడడం ఆయనకు వ్రతం లాంటిది.

"పాప రాసేటప్పుడు నువ్వు పక్కన ఉండొద్దప్పా" అన్నాను.

ఆయన ముఖం చిన్నబోయింది. "నాకు చదువు రాలేదు మేడమ్. పక్కన కూచునేదొకటే నా చేతనయ్యేది. అదీ వద్దంటే యాడికి పోయేది?"

ఆ రోజు నుంచి రేణుక రాసుకున్నంతసేపూ ఆయన బస్టాండులో కూర్చుని వచ్చేవాడట.

పరీక్షల మొదటి రోజు, పుంగనూరులో ఇంకో రోగిని చూసి వస్తూ రేణుక పరీక్ష సెంటర్ దగ్గర ఆగాను. ఎదురుగా మోరీ గట్టు మీద, సెంటర్‌కు వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు మునిరత్నం.

"ఇట్లా తిరిగి కూర్చున్నావేమప్పా?"

"కిటికీలోంచి నన్ను సూసిందంటే, నేను సూస్తాండానని చెయ్యి పట్టుకుంటాది మేడమ్."

నేనూ ఆయన పక్కనే నిలబడిపోయాను. గంట కొట్టాక రేణుక వచ్చింది. ఆయన నోటి దాకా వచ్చిన మాటను మింగడం నాకు కనిపించింది.

"ఆకలిగా ఉండాదా?" అన్నాడు.

"ఎట్లా రాసినావని అడగవా నాయనా?"

"అడగను."

"ఆఖరు దాకా రాసినా" అంది ఆ పిల్ల. నాకు కళ్లు తడిశాయి.

ఇప్పుడు ఇలాంటి పిల్లలు వస్తే, వ్యాయామాలు చెప్పకముందే వాళ్ల అమ్మానాన్నలు ఎక్కడ కూర్చుంటారో అడుగుతాను. కొంచెం దూరం జరగమంటాను. ఆ కొంచెం దూరం కన్నవాళ్లకు ఎంత కష్టమో తెలిసే అంటాను.