హెడ్‌ఫోను ధర దిగుతుందని

ఆదోనిలో పత్తి నుంచి గింజ తీసే ఒక జిన్నింగ్ మిల్లుకు పత్తి కొనిపెట్టడం నా ఉద్యోగం. పొద్దున మార్కెట్ యార్డులో వేలం, మధ్యాహ్నం నుంచి మిల్లులో యంత్రాల పక్కన బల్ల. అవి తిరుగుతుంటే ఎదుటి మనిషి పెదాలు చూసి మాట అర్థం చేసుకునేవాళ్లం. అందరం చెవుల్లో దూది పెట్టుకునేవాళ్లం. దూది మధ్య బతికేవాళ్లకు దూది మీద ఉండే నమ్మకం. అది ధూళిని ఆపింది, మోతను కాదు.

రోజూ డైరీ రాయడం అప్పుడే మొదలైంది. ముందు ఆనాటి ధర, తర్వాత తక్కిన సంగతులు. రిటైరయ్యాక కూడా ఆ వరస మారలేదు.

ఏడేళ్ల కిందట ఒక పాత క్యాసెట్టును ఫోనులోకి ఎక్కించుకుందామని, బజారులో స్పీకర్లు అమ్మే దుకాణానికి తీసుకెళ్లాను. ఎమ్మిగనూరులో మా అక్క మగ్గం నేస్తూ పాడుతుంటే, నా మొదటి జీతంతో కొన్న టేపురికార్డరులో పట్టిన పాటలవి. అక్క పక్కనే అమ్మ రాట్నం మీద నూలు కండెలు చుడుతూ ఉండేది. ఆమె ఫొటో ఒకటి నా దగ్గరుంది. గొంతు మాత్రం ఎక్కడా మిగల్లేదనుకున్నాను.

దుకాణం ఆయన ఆ రోజు ఎవరో డాక్టరు కోసం తెప్పించిన ఖరీదైన హెడ్‌ఫోనును పెట్టెలోంచి తీశాడు.

"డాక్టర్ సాబ్ సాయంత్రం వస్తాడు. అంతలోపల మీరే నవాబు," అని నా తలకు తగిలించాడు.

మూడో పాటలో, అక్క గొంతు వెనక, రాట్నం చప్పుడుకు అవతల, అమ్మ సన్నగా కూనిరాగం తీస్తోంది. పాట పూర్తి కాకముందే డాక్టరు వచ్చాడు. ఇంటికొచ్చి నా మామూలు ఇయర్‌ఫోన్లతో మళ్లీ విన్నాను. అక్క ఉంది, మగ్గం ఉంది, అమ్మ లేదు.

మర్నాడు ధర అడిగాను. మా రెండు నెలల ఇంటి ఖర్చంత. సరుకు యార్డుకు విరగబడి వచ్చేదాకా ఓపిక పడితే ధర దిగి తీరుతుందని ఉద్యోగమంతా చూసినవాణ్ణి. ఆగుదామనుకున్నాను.

ప్రతి ఏడూ దసరా పోగానే, పత్తి దిగే రోజుల్లోనే వెళ్లి అడిగేవాణ్ణి. ప్రతి ఏడూ పెరిగేది. ఒకసారి డాలరు అన్నాడు. ఒకసారి పాతది ఆపేసి కొత్త రకం తెచ్చారన్నాడు. కొత్తదాంట్లో ఏముంది అంటే "పెట్టె బాగుంటాది సాబ్," అన్నాడు.

"దిగదా అప్పా?"

"ఇది పత్తి కాదు సాబ్. వానకు తడుస్తాదని తెగనమ్మేటోడు దీనికి ఎవుడూ లేడు."

రెండేళ్ల కిందట చెవి డాక్టరు, సన్నని శబ్దాలు ముందు పోతాయని, మిల్లు సగం తినేసిందని, మిగిలింది వయసు తింటోందని చెప్పాడు. డైరీలో ఆ మాట రాసుకున్నాను. అదే పేజీలో పైన ఆ ఏటి హెడ్‌ఫోను ధర ఉంది. ఒకదాని కింద ఒకటి ఉన్నా, రెండింటినీ కలిపి చదువుకోలేదు.

ఈ ఏడు అది నాలుగు నెలల ఖర్చు దాటింది. ఇక దిగదని తేలాక కొన్నాను. దుకాణంలోనే మూడో పాట పెట్టించాను. మగ్గం దెబ్బ గుండెకు తగిలింది. అమ్మ లేదు.

"వేరే మాలు కట్టినావు నాకు," అన్నాను.

"అల్లా మీద ఒట్టు సాబ్, అదే కంపెనీది. కొత్తది గదా, వంద గంటలు మోగనీయండి. అప్పుడు గొంతు విప్పుతాది."

వంద గంటలు మోగించాను. ఏ రోజు ఎన్ని గంటలో రాసుకున్నాను. తర్వాత దాన్ని సంచిలో పెట్టుకొని బస్సెక్కి ఎమ్మిగనూరు పోయాను.

"ఏమిరా, చెవులకు దిండ్లు కట్టుకుంటావా?" అంది అక్క. నాకన్నా ఆరేళ్లు పెద్దది. మిల్లు గడప తొక్కని మనిషి. ఆమె తలకు తగిలించి మూడో పాట పెట్టాను. కాసేపు తన పాటకు తనే నవ్వుకుంది. ఉన్నట్టుండి నవ్వు ఆపింది.

"అమ్మ పాడతాందిరా."

"యాడ?"

"యాడంటే? నా పక్కనే. నీకు వినపడలేదా?"

నేను ఫోనులో శబ్దం పెంచాను. పాట చివర అక్క పకపకా నవ్వింది.

"ఏమైందక్కా?"

"'ఈ టేపు డబ్బాకు ఎంత పోసినాడే వాడు' అంటాంది అమ్మ."

నేను తీసుకొని పెట్టుకున్నాను. రెండు చేతులతో చెవులకు అదిమి పట్టాను. ఎదురుగా అక్క వేలెత్తి "ఇదో, ఇప్పుడు" అంటోంది. అది ఆమె పెదాల మీద చూశాను. మళ్లీ పెట్టాను. మూడుసార్లు పెట్టాను.

ఆ సరుకు విలువ మీద నాకిప్పుడు అనుమానం లేదు. ఏడేళ్ల కిందట అడిగిన ధరకు అది చౌక. ఈ రోజు ఊరికే ఇచ్చినా నాకు దండగ.

అక్క దాన్ని ఒళ్లో పెట్టుకొని అటూ ఇటూ తిప్పి చూసింది.

"బాగుందిరా. నువ్వెంత పోసినావు దీనికి?"

నేను పలకలేదు. వినపడలేదనుకొని, నా చెవి దగ్గరికి వంగి మళ్లీ గట్టిగా అడిగింది.